కర్బన లెక్క, కూరగాయల చెత్త: ఎల్బీనగర్‌లో నా చివరి ఆరేళ్లు

మున్సిపల్ ఇంజనీరుగా నా సర్వీసులో ఎక్కువ భాగం వీధి దీపాలు, మురుగు కాలవలు, వానకు కొట్టుకుపోయిన రోడ్లతో గడిచింది. అవి అవసరమైన పనులే. కానీ పొద్దున లేవగానే ఆఫీసుకు పరుగెత్తాలనిపించే పని నాకు చివరి ఆరేళ్లలోనే దొరికింది. అప్పటికి నా వయసు యాభై దాటింది. మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి. అయినా ఆ ఆరేళ్లలో మెట్లెక్కినంత ఉత్సాహంగా చిన్నప్పుడు కూడా ఎక్కలేదు.

మా నగరం వాతావరణాన్ని వేడెక్కించే వాయువులను ఎలా తగ్గించుకోవాలో ఒక ప్రణాళిక రాయించింది. నగరాన్ని భాగాలుగా విడదీసి, ఏ భాగం ఎంత వదులుతోంది, ఎంత తగ్గించగలదు అన్నది ఆయా ఇంజనీర్లనే రాయమన్నారు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా, ఇటు చంపాపేట్ కలుపుకొని తూర్పు భాగం అధ్యాయం నా వంతుకొచ్చింది. ఇప్పుడు ఇలాంటి విభాగాల్లో చేరుతున్న పిల్లలు ఇంటికొచ్చి అడుగుతుంటారు, ఏం చదవాలి మేడం అని. చదవాల్సినవి వాళ్లకు నాకంటే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది నేను చేసిన ఒక పని, అందులో చేసిన ఒక పెద్ద తప్పు. అదే ఇక్కడ రాస్తున్నాను.

చెత్త బండి

ఫైలు చేతికి రాగానే నా బుర్రలో మెదిలింది పొగ. రోజూ దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి నుంచి ఎల్బీనగర్ ఆఫీసుకు వెళ్లే దారంతా పొగే కదా. విజయవాడ వైపు వెళ్లే లారీలు, బస్సులు, ఆటోలు, కోచింగ్ సెంటర్ల ముందు జనరేటర్లు. రెండు వారాలు కూర్చుని బండ్లు, డీజిలు లెక్కలతో ముప్పై పేజీలు రాసి మా పై అధికారి జనార్దన్ సార్ బల్ల మీద పెట్టాను.

జనార్దన్ సార్‌ది వరంగల్ వైపు పల్లె. నెమ్మదిగా మాట్లాడతారు. కోపం వస్తే ఇంకా నెమ్మదిగా మాట్లాడతారు. మొదటి నాలుగు పేజీలు చదివి ఫైలు మూశారు.

"సుజాతమ్మా, చెత్త గురించి ఒక్క ముక్క లేదేంది?"

"చెత్త వేరే విభాగం కదా సార్. పైగా చెత్త నుంచి పొగేం రాదు."

"నువ్వు చెత్త బండి ఎప్పుడన్న ఎక్కినవా?"

"లేదు సార్."

"ఎక్కు. ఓ వారం తిరుగు. ఎక్కడ నింపుతున్నరు, యాడ పోస్తున్నరు, జర సూసి రా. గప్పుడు మాట్లాడుకుందాం."

చిన్నబుచ్చుకున్నాను. ఆ వయసులో చెత్త బండిలో డ్రైవరు పక్కన కూర్చోవడమేమిటని. కానీ మూడో రోజుకు నాకు దిగబుద్ధి కాలేదు. ఉదయం చంపాపేట్ మెయిన్ రోడ్డు పక్క కూరగాయల మార్కెట్ వెనక ఆగేవాళ్లం. కుళ్లిన టమాటాలు, కాలీఫ్లవర్ ఆకులు, కొత్తిమీర కట్టలు, నలిగిన అరటిపళ్లు. బండి అక్కడే సగం నిండేది. తర్వాత దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లు. పోటీ పరీక్షలకు చదివే పిల్లల మెస్సుల్లో మిగిలిన అన్నం డ్రమ్ములకు డ్రమ్ములు. ఇదంతా ఊరి బయటి డంపింగ్ యార్డుకు చేరేది.

ఆ యార్డులో చెత్త గుట్ట ఎక్కాను. కాళ్ల కింద వెచ్చగా ఉంది. గుట్టలో చిన్న చీలిక దగ్గర గాలి వణుకుతోంది, ఎండాకాలం తారు రోడ్డు మీద వణికినట్టు. పొగ లేదు. రంగు లేదు. అక్కడి ఉద్యోగి, దగ్గరకు పోవద్దనీ, అగ్గిపుల్ల అస్సలు గీయొద్దనీ చెప్పాడు. ఆ కనిపించని గాలి మీథేన్. తడి చెత్త గాలి తగలకుండా కుళ్లితే పుడుతుంది. కార్బన్ డయాక్సైడ్ కంటే ఎన్నో రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. కాలేజీలో చదివిన పాఠమే. అరికాలికి వెచ్చగా తగిలేదాకా అది నా ఊరి సంగతని నాకు తట్టలేదు.

ఆఫీసుకు తిరిగొచ్చి నా ముప్పై పేజీలూ పక్కన పెట్టేశాను. జనార్దన్ సార్ టీ తెప్పించారు.

నీలి మంట

ఆలోచన సులువైనదే. అదే చెత్తను యార్డుకు పంపకుండా మార్కెట్ దగ్గరే మూసిన ట్యాంకులో కుళ్లబెడితే ఆ మీథేన్ మన చేతికి చిక్కుతుంది. దాన్ని పొయ్యి కింద మండిస్తే గాలిలో కలవదు, ఒకరి వంట కూడా అవుతుంది. ప్రణాళికలో ప్రయోగంగా ఒక ట్యాంకుకు అనుమతి దొరికింది. మార్కెట్ వెనక ప్రహరీ పక్కన కట్టించాం. పుట్టిన గ్యాస్ పక్కనే ఉన్న పెద్ద రబ్బరు బెలూన్‌లో నిండుతుంది. అక్కడి నుంచి గోడ అవతల క్యాంటీన్‌కు పైపు.

ఆ క్యాంటీన్ భ్రమరాంబ గారిది. తెనాలి దగ్గర నుంచి వచ్చి మార్కెట్ హమాలీలకు, ఆటోవాళ్లకు ఇడ్లీ, ఉప్మా, మధ్యాహ్నం భోజనం పెడుతున్న మనిషి. పైపు వేస్తామని అడిగితే నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"ఏవండీ ఇంజనీరు గారూ, చెత్తలోంచి వచ్చే గ్యాసు మీద వండిన ఇడ్లీ వాసనేమన్నా వస్తుందేమోనండీ?"

"రాదండీ. మండాక అన్ని గ్యాసులూ ఒకటే."

"అయితే పెట్టండి. కానీ నా సిలిండరు మాత్రం తీయను. మీది రాని రోజు మావాళ్లు ఆకలికి ఆగరు."

ట్యాంకు నడపడానికి పారిశుద్ధ్య సిబ్బందిలోంచి పోశమ్మను ఇచ్చారు. అల్మాస్‌గూడ మనిషి. నలభై అయిదేళ్లుంటాయి. రోజూ కూరగాయల చెత్త ఏరి, ముక్కలు చేయించి, నీళ్లు కలిపి ట్యాంకులో పోయడం ఆమె పని. మాటలు తక్కువ. నేను గోడకు అంటించిన సూచనల కాగితాన్ని ఒకసారి చూసి, "నాకు సదువు రాదు మేడం, నోటితోని చెప్పుండ్రి" అంది. చెప్పాను. తలూపింది.

నాదర్‌గుల్ వైపు బర్రెలున్న ఇళ్ల నుంచి పేడ తెప్పించి ట్యాంకు మొదలుపెట్టాం. గ్యాస్ పుట్టించే సూక్ష్మజీవులు పేడలోనే ఉంటాయి. వాటికి రోజూ కొంచెం కొంచెం కూరగాయల చెత్త మేపాలి. మూడు వారాలకు బెలూన్ కొద్దిగా లేచింది. ఒక శుక్రవారం ఉదయం భ్రమరాంబ గారు లైటరు నొక్కారు. టప్‌మని చిన్న శబ్దం, పొయ్యి చుట్టూ నీలి మంట.

ముందు పాలు పొంగించారు. తర్వాత మా అందరికీ టీ. హమాలీలు నలుగురు పని ఆపి వచ్చి పొయ్యి కిందికి వంగి చూశారు. ఒకతను, "గిది నిన్నటి టమాటానా?" అని అడిగితే పోశమ్మ, "నిన్నటిది గాదు, పోయిన వారందీ" అని లెక్క సరిచేసింది. ఆ రోజు ఆఫీసులో నేను చెప్పని మనిషి లేడు. చివరికి లిఫ్టులో తెలియని వాళ్లకు కూడా చెప్పాను.

ఉబ్బిన బెలూన్

ఇక్కడి నుంచి నా తప్పు.

రెండు నెలలు మంట బాగా వచ్చింది, కానీ చిన్నది. పూటకు ఒక పొయ్యి. ప్రణాళిక మీద పెద్ద సమావేశం దగ్గరకొస్తోంది. మిగతా జోన్ల వాళ్లు మెట్రోలు, ఎలక్ట్రిక్ బస్సుల గురించి పెద్ద పెద్ద అంకెలు రాస్తున్నారు. నా చిన్న పొయ్యి అంకె నాకే కంటికి ఆనలేదు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల అన్నం గుర్తొచ్చింది. అన్నంలో శక్తి ఎక్కువ, గ్యాస్ ఎక్కువ వస్తుంది. ట్యాంకు సైజు కూడా సరిపోతుంది. కాగితం మీద అంతా కుదిరింది. హాస్టళ్లతో మాట్లాడి ఆటో ఏర్పాటు చేశాను. మామిడి పళ్ల రోజులవి. మార్కెట్ నుంచి మెత్తబడ్డ మామిళ్లు కూడా వచ్చిపడుతున్నాయి.

మొదటి రోజు డ్రమ్ములు దింపుతుంటే పోశమ్మ పార పక్కన పెట్టి నా దగ్గరకొచ్చింది.

"మేడం, గింత బువ్వ ఒక్కపారి ఎయ్యొద్దు. లోపల పులుస్తది."

"లెక్క చూసే చెబుతున్నా పోశమ్మా. ట్యాంకు పడుతుంది."

"పట్టుడు పడ్తది. అరుగుడే..."

"వెయ్యమన్నంత వెయ్యి. మిగతాది నేను చూసుకుంటా."

ఆ మాట అన్న గొంతు నాకిప్పటికీ వినబడుతుంది. కసిరినట్టు కూడా కాదు. తొందరలో ఉన్న మనిషి గొంతు. ఆమె వెళ్లి పార తీసుకుంది.

రెండు రోజుల్లో బెలూన్ బిర్రుగా ఉబ్బింది. నాకు కాలు నేల మీద నిలవలేదు. బెలూన్ కొలతలు తీసుకుని, అంత గ్యాస్ రోజూ వస్తే ఎంత మీథేన్ గాలిలో కలవకుండా ఆపినట్టో లెక్కగట్టి అధ్యాయంలో రాసేశాను. ముసాయిదా అచ్చుకు వెళ్లింది.

నాలుగో రోజు భ్రమరాంబ గారు ఫోన్ చేశారు. "మీ గ్యాసు వస్తోందండీ, కానీ మండట్లేదు. ఉఫ్‌మని ఆరిపోతోంది. నేను సిలిండరు తగిలించుకున్నాను."

వెళ్లి చూశాను. బెలూన్ ఇంకా ఉబ్బుతోంది, మంట మాత్రం లేదు. పగిలిపోతుందన్న భయంతో పైన వాల్వు తెరిపించాను. గ్యాస్ బుస్సున పోయింది. రేపటికి సర్దుకుంటుందనుకున్నాను. మర్నాడు మళ్లీ ఉబ్బింది, మళ్లీ తెరిపించాను. అలా తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులూ అన్నం వేయడం ఆపలేదు, ఎందుకంటే ఆపితే నా అంకె తప్పవుతుంది.

పదో రోజు ఉదయం జనార్దన్ సార్ మార్కెట్‌కు వచ్చారు. ఆరిపోయిన పొయ్యి చూశారు. బెలూన్ చూశారు. జేబులోంచి ముసాయిదా తీసి నా అంకె ఉన్న పేజీ తెరిచారు.

"బెలూన్ నిండింది. మంట లేదు. మరి గా గ్యాస్ యాడికి పోయింది?"

"పైకి వదిలాం సార్."

"పైకంటే?"

పైకంటే గాలిలోకే. అందులో మండనంత కార్బన్ డయాక్సైడ్ ఉన్నా, దాంతోపాటు మీథేన్ కూడా ఉంది. చెత్త గుట్టలో నెలల తరబడి మెల్లగా పుట్టేదాన్ని నేను ట్యాంకు కట్టించి, వేగం పెంచి, చేతులారా వదిలిపెట్టాను. తగ్గించానని అచ్చు వేయించిన పేజీ ఆయన చేతిలో ఉంది.

"సోమవారం మీటింగు. నువ్వే చెప్పు," అన్నారు. "నేను జెప్తే నిన్ను తిట్టినట్టుంటది. నువ్వు జెప్తే లెక్క సరిజేసినట్టుంటది."

సోమవారం

సర్వీసులో గుంతలు పూడ్చలేదని ఎన్నో తిట్లు తిన్నాను, అవేవీ ఇంత బరువనిపించలేదు.

సమావేశంలో మా వంతు రాగానే లేచి నిలబడి చెప్పాను. "ఈ పేజీలో తూర్పు భాగం అంకె తప్పు. ఆ గ్యాస్ మండలేదు, గాలిలోకి వదిలేశాం. ఈ నెలలో మేం తగ్గించింది లేదు, కొంత పెంచాం. తప్పు నాది. ట్యాంకు నడిపే మనిషి వద్దని చెప్పినా నేను వినలేదు."

సమావేశం నడుపుతున్న కమిషనర్ గారు, మేమంతా పెద్దాయన అనే మనిషి, పెన్సిల్ తీసుకుని ఆ అంకె కొట్టేశారు. నేను కూర్చోబోతుంటే, "నిలబడండి," అన్నారు. తర్వాత హాలు వైపు తిరిగి, "ఇలా ఎంతమంది అంకెలు బెలూన్‌వి, ఎంతమందివి మంటవి? అందరూ ఒకసారి చూసుకుని రేపు సాయంత్రానికి మళ్లీ ఇవ్వండి," అన్నారు. నా వైపు చూసి, "మీకు రెండు నెలలు. మంట తెప్పించండి," అన్నారు.

మర్నాడు మూడు జోన్ల అంకెలు మారి వచ్చాయి. బస్సులు కొన్న లెక్కే తప్ప తిరిగిన లెక్క లేని వాళ్లొకరు, నాటిన మొక్కలు తప్ప బతికిన మొక్కలు లెక్కపెట్టని వాళ్లొకరు. ఆ ప్రణాళికలో మొత్తం తగ్గింపు అంకె చిన్నదయింది. కానీ నాకు ఆ రోజు మొదటిసారి అది నిజమైన ప్రణాళికలా కనిపించింది. భయం పోయి ఒంట్లోకి మళ్లీ హుషారొచ్చింది.

పోశమ్మ చెప్పినట్టు

అక్కడి నుంచి నేరుగా మార్కెట్‌కు వెళ్లాను. పోశమ్మ ట్యాంకు పక్కన కూర్చుని ఉంది.

"నీ మాట వినలేదు పోశమ్మా. తప్పయింది. ఇప్పుడేం చేద్దాం?"

ఆమె పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. "మా అల్మాస్‌గూడ ఇంట్ల గోబర్ గ్యాస్ ఉండె మేడం. పది బర్లుండె. కాలనీలొచ్చి జాగ అమ్ముకున్నంక పాయె. పదేండ్లు నేనే నడిపిన. పెండ్లి నాడు మిగిలిన బువ్వంత మా ఆయన అండ్ల పోస్తే గిట్లనే మంట పోయింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలే. సూపర్వైజర్‌కు చెప్పిన. ఆయన, మేడంకు తెల్వదా అన్నడు."

ఆమె మగ్గుతో ట్యాంకులోంచి కొంచెం ద్రవం తీసి నా ముక్కు దగ్గర పెట్టింది. మూడు రోజులు నిల్వ ఉన్న దోసెల పిండి వాసన. పుల్లగా, ముక్కు మండేలా. నా బ్యాగులోని పరీక్ష కాగితం ముంచితే అదే చెప్పింది, లోపల ఆమ్లం పెరిగిపోయింది. అన్నం, మామిడి త్వరగా పులిసి ఆమ్లమవుతాయి. ఆ పులుపులో మీథేన్ పుట్టించే జీవులు చచ్చిపోతాయి. నా కాగితమూ ఆమె ముక్కూ ఒకటే మాట చెప్పాయి. తేడా ఏమిటంటే ఆమె ఆ మాట రెండు వారాల ముందే చెప్పింది.

"మ్యాత బంద్ పెట్టాలె. సున్నం తేట జర జర పొయ్యాలె. కొత్త పెండ తేవాలె. తొందర పెట్టొద్దు," అంది. అక్కడ ఆగి, "ఒక మాట మేడం. ఇంక మీదట ఇండ్ల ఏమెయ్యాల్నో, ఎంతెయ్యాల్నో నేను చెప్తా. మీరు గాని సూపర్వైజర్ గాని ఎయ్యమంటె ఎయ్య," అంది.

ఒప్పుకున్నాను. ఊరికే నోటిమాటగా కాదు. ప్రణాళికలోనే ఒక వాక్యం రాశాను: ట్యాంకుకు రోజువారీ మేత నిర్ణయించేది దాన్ని నడిపే కార్మికురాలు, ఇంజనీరు ఆ నిర్ణయాన్ని మార్చరాదు. జనార్దన్ సార్ అది చదివి, "సంతకం పెడ్తే నీ కుర్చీ కాళ్లు నువ్వే కోసుకున్నట్టే," అని నవ్వుతూ సంతకం పెట్టారు.

అయిదు వారాలు పట్టింది. నేను రోజూ పొద్దున్నే వెళ్లేదాన్ని. పోశమ్మ వాసన చూసేది, నేను కాగితం ముంచేదాన్ని, ఇద్దరం చెప్పుకునేవాళ్లం. మొదటి రెండు వారాలు ఏ మార్పూ లేదు. మూడో వారం పులుపు తగ్గింది. నాలుగో వారం లైటరు నొక్కితే పసుపు మంట ఒక్క క్షణం వచ్చి ఆరింది. భ్రమరాంబ గారు, "పోనీలెండి, దారిలో ఉంది," అన్నారు. అయిదో వారం నీలి మంట నిలబడింది. ఈసారి ఎవరూ వంగి చూడలేదు. భ్రమరాంబ గారు నేరుగా ఇడ్లీ పాత్ర ఎక్కించేశారు. ఆవిరి పైకి లేచింది. పోశమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "ఇగ బువ్వ ఒక బకెట్ ఎయ్యొచ్చు," అంది. ఒక్క బకెట్. వారం తర్వాత రెండు. నాలుగు నెలలకు నేను మొదటి రోజు కుమ్మరించినంత అన్నం ఆ ట్యాంకే హాయిగా అరిగించుకుంది. క్యాంటీన్‌లో మూడు పొయ్యిలయ్యాయి. పైపుకు మీటరు పెట్టించాను. మండిన గ్యాసే లెక్క, మిగతాది కాదు.

చేరుతున్న పిల్లలకు

మీరు రాసే ప్రతి అంకె వెనక ఎవరో ఒక మనిషి చేతులు పనిచేస్తుంటాయి. ఆ మనిషి ఎవరో మీకు తెలియకపోతే ఆ అంకెను రాయకండి. మంచి అధికారి అంటే మిమ్మల్ని కాపాడేవాడు కాడు. మీ తప్పు మీ నోటితోనే చెప్పే అవకాశం ఇచ్చేవాడు. నాకు అలాంటి ఒకాయన దొరికారు. దొరకని వాళ్ల పరిస్థితి ఏమిటని అడిగితే నా దగ్గర నిజాయితీగా జవాబు లేదు.

మా ట్యాంకు చూసి ఎల్బీనగర్ చుట్టుపక్కల ఇంకో నాలుగు చోట్ల పెట్టాలన్నారు. పోశమ్మను పెద్ద సమావేశానికి తీసుకెళ్లాను. ఎక్కడ పెట్టాలమ్మా అని పెద్దాయన అడిగితే, "జాగ మీరే సూసుకోండ్రి సార్. నడిపేటోళ్లను ముందుగాల నా కాడికి పంపుండ్రి. రెండు నెలలు నేర్పుత. అటెన్క ట్యాంకు కట్టుండ్రి," అంది. అలాగే జరిగింది.

నా రిటైర్మెంటుకు ముందు నెల ఆమె చంపాపేట్‌లో మొదటి శిక్షణ పెట్టింది. పదిమంది కార్మికులు, పదిమంది ఇంజనీర్లు. మా ట్యాంకు ద్రవాన్నే ముందుగా డబ్బాల్లో తీసి పులియబెట్టి, మూడు మగ్గుల్లో మూడు రకాలుగా పోసి వరసగా పెట్టింది. ఒకటి బాగున్నది, ఒకటి పులియడం మొదలైనది, ఒకటి పాడైనది. కాగితాలు, మీటర్లు ఏమీ లేవు. వాసన చూసి చెప్పాలి. కార్మికుల్లో ఒక్కరే తప్పారు. ఇంజనీర్లలో ఆరుగురు తప్పారు. చివరికి నా వైపు తిరిగి, "మీరు గూడ రాండ్రి మేడం," అంది.

అందరూ చూస్తున్నారు. జనార్దన్ సార్ వెనక కుర్చీలో ముందుకు వంగారు. ఒక్కో మగ్గు మీద వంగి, కళ్లు మూసుకుని, తొందరపడకుండా వాసన చూశాను. మధ్యది పులియడం మొదలైంది, కుడివైపుది పోయింది, ఎడమది బాగుంది అన్నాను.

పోశమ్మ మగ్గులు ఒక్కొక్కటిగా తీసి పక్కన పెట్టింది. "మేడం పాసు," అంది.

నా సర్వీసు రిజిస్టర్‌లో ఆ సంగతి లేదు. అందుకే ఇక్కడ రాసుకున్నాను.